బురుజు మీద లేని రాణి

తొంభైల మొదట్లో కొన్నేళ్ళపాటు నేను ఆబిడ్స్‌లో ఒక చిత్రకారుడి దగ్గర పనిచేశాను. బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో ఆయన స్టూడియో. కిటికీ తెరిస్తే కింద బస్సుల హారన్లు, చెప్పుల అంగళ్ళు, ఆదివారమైతే ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు. ఆ కిటికీని ఆయన ఎప్పుడూ తెరవనిచ్చేవాడు కాదు. దుమ్ము వస్తుందనేవాడు. మూసిన కిటికీ పక్కన, ఫ్యాను కింద కూర్చుని పల్లెటూళ్ళు వేసేవాడు.

పత్రికలవాళ్ళు ఆయన్ని మట్టి చిత్రకారుడని రాసేవారు. ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, మాట్లాడిన ప్రతి సభలోనూ రెండు చేతులూ చాచి, "నా గోళ్ళలో ఉన్నది రంగు కాదు, ఈ నేల మట్టి" అనేవాడు. గోళ్ళలో ఉన్నది రంగే. సాయంత్రం చేతులు తుడుచుకోవడానికి టర్పెంటైన్ గుడ్డ అందించేది నేనే కాబట్టి నాకు తెలుసు. మట్టి విషయానికొస్తే, వాన పడిన రోజు ఆయన మెట్ల దగ్గర బూట్లు అరగంట సేపు తుడుచుకునేవాడు.

వాళ్ళది కోస్తా నుంచి యాభై ఆరులో రాజధానికి వచ్చి స్థిరపడిన కుటుంబం. తండ్రి సెక్రటేరియట్‌లో ఉద్యోగి. ఈయన అక్కడి టౌనులో పుట్టి, పదిహేనేళ్ళప్పుడు తండ్రి వెంట హిమాయత్‌నగర్ వచ్చి, ఇక్కడే చదివి, ఇక్కడే పెళ్ళి చేసుకున్నాడు. పల్లెటూరంటే ఆయనకు తెలిసింది చిన్నప్పుడు వేసవి సెలవుల్లో చూసిన అమ్మమ్మగారి ఊరు ఒక్కటే. అది కాలవ గట్టున ఉండేదట. అందుకని ఆయన వేసిన ప్రతి ఊరికీ ఒక కాలవ, గట్టున కొబ్బరిచెట్లు, ఒక పెంకుటిల్లు, ఒక ఆవు. ఆవు ఎప్పుడూ ఎడమవైపే చూసేది. కుడివైపు చూసే ఆవు ఆయనకు కుదిరేది కాదు.

కొనేవాళ్ళు కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. గోడ కొలత రాసుకుని వచ్చేవారు, సోఫా రంగు చెప్పేవారు. ఒకావిడ కర్టెను గుడ్డ ముక్క తెచ్చి బొమ్మలోని ఆకాశం పక్కన పెట్టి చూసింది. "ఈ నీలం కొంచెం తగ్గుతుందాండీ?" అని అడిగింది. తగ్గింది. తగ్గించింది నేనే. ఆకాశాలు నింపడం నా పని. కాన్వాసు బిగించడం, తెల్లపూత పూయడం, పైన ఆకాశం నింపి ఆరబెట్టడం. "ఆకాశం ఎవరైనా వేస్తారు అమ్మాయ్. నేల నేనే వేయాలి" అనేవాడాయన.

మాది మెదక్ వైపు. అమ్మ నాంపల్లి దగ్గర సర్కారు దవాఖానలో నర్సు. స్టేషను వెనక సందులో కిరాయి ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. నేను బొమ్మల కాలేజీలో చదువు ముగించుకుని, ఉద్యోగం ఎక్కడా దొరక్క, మా మాస్టారి మాట మీద ఈయన దగ్గర చేరాను. అమ్మ ఒకసారి స్టూడియోకు వచ్చి బొమ్మలన్నీ చూసింది. కిందికి దిగినాక, "గీ ఊర్లల్ల ఎవ్వలికీ రోగాలు రావా బిడ్డా? ఒక్క ముసలవ్వ లేదు, ఒక్క కుంటోడు లేడు" అంది.

ఇట్లా ఉండగా ఆబిడ్స్‌లోనే ఒక హోటలు యజమాని తన భోజనాల హాలును కొత్తగా చేయిస్తూ పెద్ద బొమ్మ ఒకటి కావాలని వచ్చాడు. కొబ్బరిచెట్లు వద్దన్నాడు. ఇక్కడి నేల ఉండాలట, ఇక్కడి చరిత్ర ఉండాలట. గోల్కొండ, చార్మినారు మాత్రం వద్దట, అవి పక్క హోటల్లో ఉన్నాయట. ఆయన వెళ్ళిపోయాక మా సారు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఇక్కడి నేల గురించి ఏళ్ళ తరబడి ఉపన్యాసాలిచ్చినాయన నా వైపు తిరిగి, "అమ్మాయ్, మీ వైపు ఏవో పాడుపడిన కోటలూ అవీ ఉంటాయి కదా?" అని అడిగాడు.

మా అమ్మ పుట్టిన ఊళ్ళో ఒక బురుజు ఉందని చెప్పాను. కోట కాదు, ఊరి చివర ఒంటరిగా నిలబడిన రాతి బురుజు. వెళ్దామన్నాడు.

ఎండలు ఇంకా ముదరని రోజుల్లో కారులో బయల్దేరాం. మడత కుర్చీ, ఫ్లాస్కు, గొడుగు, గడ్డి టోపీ, ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం. తారురోడ్డు వదిలాక బండ్ల బాట. కారు ఒక్కో గుంతలో దిగినప్పుడల్లా సారు ముందు సీటు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కళ్ళు తెరిచి ఉంటే నేల కనిపించేది. నల్లగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, సీతాఫలం పొదలు, కోసేసిన జొన్నచేలు, అడుగున కాసిన్ని నీళ్ళతో చెరువు, గట్టున తాటిచెట్లు.

ఊళ్ళో మా మేనమామ ఎదురొచ్చాడు. అమ్మకు తమ్ముడు. కొద్దిపాటి పొలం, రెండు బర్రెలు. ఆదివారం ప్రార్థనలో పాట ఎత్తుకునేది ఆయనే. తాటిచెట్టులా నిటారుగా ఉండే మనిషి. సారును బురుజు దగ్గరికి తీసుకెళ్ళి, వేపచెట్టు నీడన కుర్చీ వేయించాడు.

అప్పుడే బోరింగు నుంచి నీళ్ళు తెచ్చుకుంటూ ముగ్గురు ఆడవాళ్ళు అటు వచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెలు. సారు మొహం చిట్లించుకున్నాడు. "అమ్మా, ఇవి కాకుండా మట్టికుండలు తెచ్చుకుని ఒకసారి ఇటు నడుస్తారా?" అని అడిగాడు.

ముందున్నామె ఆగి ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "ప్లాస్టిక్ బిందెలైతె నీ బొమ్మల నీళ్ళు ఆగవా సారూ?" అని నడిచిపోయింది. వెనకున్న ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. ఆయన మడత కుర్చీలో కూర్చుని పెన్సిలు చెక్కుకున్నాడు.

బురుజు కథ ఆయన అడగలేదు. మామే చెప్పాడు, వచ్చిన అతిథికి చెప్పడం మర్యాద అనుకుని.

"గిది దొర కట్టించింది సార్. పైన కావలోడు కూసుంటడు. వెట్టికి ఎవరొచ్చిన్రు, ఎవరు రాలేదు, చేన్ల కంకి ఎవరు తెంపిన్రు, అన్నీ గాడికెళ్ళి కనిపిస్తయి. మా నాయిన కొత్తగ బాప్తిస్మం తీసుకున్నడు. ఒక ఆదివారం ప్రార్థనకు పోయి దొర వెట్టికి పోలే. మర్నాడు తెల్లారంగనే తోలుకొచ్చి, గీడనే, గీ బురుజు కిందనే వంగవెట్టి వీపు మీద రాయి వెట్టిన్రు. పొద్దుగూకేదాంక. రాయి కింద వడితె మళ్ళ మొదటికెళ్ళి. గా దినం సంది మా నాయిన నడుము సక్కగ గాలే. సచ్చేదాంక వంగే నడిచిండు."

ఈ కథ నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. అమ్మ ఎప్పుడు చెప్పినా కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో చెప్పేది. తాత నాకు కొద్దిగా గుర్తు. నన్ను ఎత్తుకోవడానికి ఆయన వంగనక్కరలేదు, అప్పటికే నా ఎత్తులో ఉండేవాడు.

సారు పెన్సిలు మొన ఊది చూసుకున్నాడు. "పాపం. చాలా బాధగా ఉంది" అన్నాడు. "కాని ఇవన్నీ బొమ్మలోకి రావమ్మా. బొమ్మకు కావలసింది వెలుగు" అని కుర్చీ కొంచెం నీడలోకి జరుపుకున్నాడు. బురుజు గీత గీసుకుని, చెరువును దూరం నుంచే చూసి, పంచెకు తుమ్మముల్లు పట్టుకోగానే పని అయిపోయిందన్నాడు. పెరుగన్నం కార్లో కూర్చుని తిన్నాడు. మామ ఇంట్లో కోడికూర వండి పెట్టారు. అది నేనూ డ్రైవరూ తిన్నాం.

స్టూడియోలో ఆ బొమ్మ తయారవుతుంటే రోజూ చూశాను. బురుజు సగానికి సగం ఎత్తు పెరిగింది. చెరువు నిండింది. ఊరికి అవతల ఉన్న చెరువు నడిచి వచ్చి బురుజు పాదాల దగ్గర ఆగింది. తాటిచెట్లు చూస్తే కల్లు గుర్తొస్తుందని రెండు తీసేశాడు. మిగిలినవి చూస్తుండగానే ఆకులు సాగి కొబ్బరిచెట్ల వాటం తెచ్చుకున్నాయి. సూర్యాస్తమయం పెట్టమన్నాడు, నేను పెట్టాను. మామ చూపించిన చోట, తాతను వంగబెట్టిన చోట, ఎడమవైపు చూస్తున్న ఆవు వచ్చి నిలబడింది.

నాంపల్లిలో ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెట్టారు. ఆ సాయంత్రం నేను సుత్తి, మేకులతో గోడ దగ్గర ఉన్నాను. హోటలు యజమాని, ఆయన భార్య వచ్చారు. భార్యకు బొమ్మలంటే కొంచెం ఇష్టమున్నట్టే ఉంది. దగ్గరికెళ్ళి చూసి, "బురుజులో ఎవరుండేవారండీ?" అని అడిగింది.

సారు బొమ్మను చూశాడు. హోటలాయన్ను చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"రాణి" అన్నాడు.

"ఏ రాణి?"

"చిన్న సంస్థానం అమ్మా. చరిత్రకారులు పట్టించుకోలేదు, పేరు కూడా మిగల్లేదు. జనం నోట్లో మాత్రం ఉంది. శత్రువులు ఊరిని ముట్టడించినప్పుడు ఆమె ఒక్కతే ఈ బురుజెక్కి..."

"దూకిందా?" అందావిడ.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. అప్పటిదాకా ఆమెను దూకించాలనే ఆలోచన ఆయనకు లేదనుకుంటాను. పైన నిలబెట్టి ఊరుకునేవాడేమో. కాని ఆవిడ కళ్ళల్లో అప్పటికే నీళ్ళు తిరుగుతున్నాయి.

"దూకింది. ఈ చెరువులోకి."

బురుజుకూ చెరువుకూ మధ్య ఊరు ఊరంతా ఉంది. అంత దూరం దూకాలంటే ఆ తల్లికి రెక్కలుండాలి.

"సార్, ఆ బురుజు..." అన్నాను నేను.

"అమ్మాయ్, ఆ చివరి బొమ్మ కాస్త వంకరగా ఉంది, చూడు" అన్నాడాయన నా వైపు తిరగకుండానే.

చివరి బొమ్మ సరిగ్గానే ఉంది. నేను వెళ్ళి దాన్ని వంకరగా చేసి వచ్చాను. వచ్చేసరికి రాణికి ఒక గుర్రం కూడా అమిరింది. మర్నాటికి కరపత్రంలో అచ్చయింది. ఆ వారమే పత్రికలో వచ్చింది. బొమ్మ హోటలుకు వెళ్ళింది, దాని కింద ఇత్తడి పలక మీద రాణి చరిత్ర నాలుగు వాక్యాల్లో చెక్కించారు. పలక చెక్కినవాడు రాణికి ఒక దీర్ఘం ఎక్కువిచ్చాడు. అది మాత్రం ఎవరూ సరిచేయించలేదు.

అమ్మను ఆ హోటలుకు తీసుకెళ్ళాను. ఆమె అడిగింది, పుట్టినూరు బొమ్మ చూస్తానని. దవాఖాన నుంచి నేరుగా వచ్చింది, చేతిసంచీలో టిఫిను డబ్బా. టీ చెప్పుకుని బొమ్మ ఎదురుగా కూర్చున్నాం. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని లేచి వెళ్ళి పలక చదివింది. పక్క బల్ల దగ్గర బిర్యానీ తింటున్నవాళ్ళు ఆమెకు దారిచ్చారు. చదివింది చదివినట్టే వెనక్కి వచ్చి కూర్చుంది.

"మా నాయిన రాణి ఎప్పుడైండు?" అంది.

అమ్మ సాసరులోకి టీ పోసుకుని నింపాదిగా తాగింది. మళ్ళీ ఒకసారి బొమ్మ వైపు చూసింది.

"చెర్వుల నీళ్ళు మాత్రం మంచిగ వోసిండు. మాకు గిన్ని నీళ్ళుంటె మేం పట్నమే రాకపోదుం."

మర్నాడు నేను సారుతో మాట్లాడాను. గొంతు పెంచలేదు. ఆయన కూడా ఓపికగానే విన్నాడు. పొగడ్త వినేటప్పుడు, నింద వినేటప్పుడు ఆయన మొహం ఒకేలా ఉండేది, రెండూ తన గురించే కదా అన్నట్టు.

"కళాకారుడు చరిత్రకు గుమాస్తా కాదమ్మాయ్" అన్నాడు. "మీ తాతగారంటే నాకు గౌరవమే. కాని అన్నం తినేవాళ్ళ ముందు ఆయన్ని వంగబెట్టమంటావా?"

"వంగబెట్టింది దొర సార్. మీరు ఊరికే అట్లా జరిగిందని చెబితే చాలు."

"చెబితే ఆ బొమ్మ అక్కడుంటుందా?"

ఉండదు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసిన సంగతిని అంత తేలిగ్గా, అంత ప్రసన్నంగా చెప్పగలిగిన ఆ మొహం మీద నాకు అసహ్యం వేసింది. ఆ రోజు బ్రష్షులు కడగకుండా రంగులోనే వదిలేసి మెట్లు దిగాను. తర్వాత ఆయన దగ్గర ఇంకెవరో చేరారు. ఎక్కడైనా ఆయన కొత్త బొమ్మ కనిపిస్తే నేను ముందు ఆకాశం చూసేదాన్ని. బాగా నాసిగా ఉండేది.

నాంపల్లిలోనే ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా కుదిరాను. పిల్లలు మొదటి రోజున రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు వేసి చూపించారు. నాంపల్లిలో పుట్టి పెరిగిన పిల్లలు. బడి కిటికీలోంచి రైలు పట్టాలు, నీళ్ళ ట్యాంకు, మసీదు గోపురం కనిపిస్తాయి. అవి ఎవరూ వేయలేదు. కిటికీ బయట ఉన్నది వేయమంటే, "అది సీనరీ కాదు కదా టీచర్" అన్నారు. పిల్లల్ని ఏమనను? ఆ మాట నేర్పినవాళ్ళకు పట్టణంలో సన్మానాలు జరుగుతున్నాయి.

రెండు వేల నాలుగో, ఐదో. మామ కూతురి పెళ్ళికి ఊరికి వెళ్ళాం. బండ్ల బాట ఉన్న చోట తారురోడ్డు, బస్సు ఊళ్ళోకే వెళ్తుంది. దిగగానే నీలం బోర్డు కనిపించింది, 'రాణి బురుజు' అని, పక్కన బాణం గుర్తు. అమ్మ దాన్ని చూసి నా వైపు చూసింది.

పెళ్ళి అయ్యాక భోజనాల దగ్గర, సికింద్రాబాదు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు వైపు పెద్దలకు మామ ఊరి గురించి చెబుతున్నాడు. నేను మంచినీళ్ళు అందిస్తూ విన్నాను. "మా తాత చెప్తుండె. శత్రువులొస్తె రాణి బురుజెక్కి దునికిందట" అంటున్నాడు. గుర్రం కూడా ఉంది. సారు కల్పించిన గుర్రమే.

చుట్టాలు లేచేదాకా ఆగి, మామను పెరట్లోకి పిలిచాను. "మామా, ఏ తాత చెప్పిండు నీకు రాణి కథ?"

మామ సిగ్గుపడలేదు. చేతులు కడుక్కుని తువ్వాలతో తుడుచుకుంటూ చెప్పాడు. ఒక పత్రికాయన హైదరాబాదు హోటల్లో బొమ్మ చూసి ఊరు వెతుక్కుంటూ వచ్చాడట. రాణి అంటూ ఎవరూ లేరని వీళ్ళు చెబితే ఆయన నిరాశగా వెళ్ళిపోయాడట. రెండోసారి వచ్చినప్పుడు సర్పంచి ఉందన్నాడు. ఆ తర్వాత ఎమ్మెల్యే వచ్చాడు.

"రాణి ఉన్నదంటె ఎమ్మెల్యే కారు దిగిండు బిడ్డా. మీ తాత ఉన్నడంటె కారు అద్దం గూడ దించడు. రోడ్డు వడ్డది. బస్సు వచ్చింది. మొన్న నా పెండ్లాం కడుపునొప్పికి గా బస్సులనే దవాఖానకు తీసుకపోయిన."

"మరి తాత?"

"తాతను ఎవడు మర్చిపోయిండు? మన ఇంట్ల మనకు ఎరుకే గదా."

నాకు కోపం వచ్చింది. సారు మీద వచ్చిన కోపంలా కాదు. సారును చీదరించుకోవడం సులువు. రోడ్డు మీద బస్సు వస్తే సంతోషించిన మనిషిని ఏమని చీదరించుకుంటాను? ఏదో ఒకటి అనాలని, "నీ కొడుకు కొడుక్కి రాణే ఎరుకయితది మామా, తాత ఎరుక గాడు" అన్నాను. మామ నా మొహంలోకి చూసి తువ్వాల భుజాన వేసుకున్నాడు. "పెండ్లిండ్ల గిట్ల మాట్లాడకు బిడ్డా, జర అందరికి అన్నం వెట్టు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడే మా సారుకు నాంపల్లిలో ప్రదర్శన పెట్టిన హాల్లోనే పెద్ద సన్మానం జరిగింది. నేలతల్లి ముద్దుబిడ్డ అని బ్యానరు. పోవద్దనుకుంటూనే పోయాను. చేతిలో సుత్తి లేకుండా ఆ హాల్లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. సన్మానం అయ్యాక శాలువా భుజాన వేసుకుని కుర్చీలో కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్ళాను. బాగా ముసలివాడయ్యాడు. గుర్తుపట్టాడు. "ఆకాశం బాగా వేసేదానివి" అన్నాడు పక్కవాళ్ళకు చూపిస్తూ.

ఆయన కల్పించిన రాణి ఇప్పుడు ఊళ్ళో బోర్డు ఎక్కిందని చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. లేదా గడ్డం నిమురుకుంటాడనుకున్నాను. అబద్ధం చెప్పే ముందు ఆయన చేయి గడ్డం మీదికి పోయేది, ఏళ్ళ తరబడి చూశాను. ఆ రోజు చేతులు శాలువా మీదే ఉన్నాయి.

"నేను కల్పించడమేమిటమ్మా?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి. "ఆ కథ నాకు ఆ ఊళ్ళోనే ఒక పెద్దాయన చెప్పాడు. బురుజు కింద కూర్చుని చెప్పాడు. నువ్వు కూడా ఉన్నావు. ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాడు. పాపం, నడుము బాగా వంగిపోయి ఉండేది."

మా మామ నడుము ఏనాడూ వంగలేదు. తాతను ఈయన ఏనాడూ చూడలేదు. ఆ రోజు పెన్సిలు చెక్కుకుంటూ విన్న మాటల్లోంచి వంగిన నడుము ఒక్కటీ ఎట్లాగో ఆయన లోపల మిగిలింది. దాన్ని తీసుకెళ్ళి రాణి కథ చెప్పే ముసలాయనకు తగిలించాడు. ఎవరో ఫొటో తీస్తామంటే ఆయన నన్ను కూడా పక్కన నిలబడమన్నాడు. నేను నిలబడలేదు. బయటికొచ్చి, స్టేషను దాకా నడిచి, ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను.

అమ్మ అప్పటికి ఉద్యోగం నుంచి రిటైరైంది, మోకాళ్ళ నొప్పులు. మొత్తం విని, "పోదాం పా" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

మేం వెళ్ళిన రోజు బురుజు దగ్గర పది పన్నెండు మంది ఆడవాళ్ళున్నారు. రాణికి గాజులు, జాకెట్టు ముక్క పెట్టడం అప్పటికే మొదలైందట. అమ్మ వాళ్ళను కాదనలేదు. వేపచెట్టు కింద గట్టు మీద కూర్చుని, వాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టుకుని, తన తండ్రికి ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. దవాఖానలో రోగి బంధువులకు చెప్పినట్టు, తొందరలేకుండా, ఏడవకుండా చెప్పింది. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. ఒక ముసలామె, "ఔ, మా అత్త గూడ చెప్తుండె. రాయి కింద ఇంకో ఇద్దర్ని గూడ వంగవెట్టిన్రట" అంది. ఒకామె కళ్ళు తుడుచుకుంది. "ఆ రాయి యేది చిన్నమ్మా?" అని ఇంకొకామె అడిగింది. ఏ రాయో అమ్మకు తెలియదు. అక్కడ అన్నీ రాళ్ళే. తిరుగు బస్సులో అమ్మ హుషారుగా ఉంది. చెప్పేవాళ్ళు లేకపోవడమే లోపం గాని వినేవాళ్ళున్నారు అంది. నేను కూడా నమ్మాను.

కొన్ని నెలలకు మామ ఫోను చేశాడు. తాతకు కూడా ఊళ్ళో గౌరవం జరుగుతోందని, వచ్చి చూడమని. గొంతులో గర్వం ఉంది.

వెళ్ళి చూశాం. బురుజు మొదట్లో నున్నటి గుండ్రాయి ఒకటి నిలబెట్టారు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టారు. సర్పంచి పక్కనే ఉన్నాడు. రాణిగారి బంటు అని చెప్పాడు. శత్రువులు తలుపు తోసుకుని రాకుండా వీపు మీద బండ పెట్టుకుని పొద్దుగూకేదాకా అడ్డం నిలబడ్డాడట. రాణి దూకేదాకా కదల్లేదట. "మీ నాయిననే అమ్మా. మీరు చెప్పిన్రు గదా" అన్నాడు ఎంతో మర్యాదగా.

ప్రార్థనకు పోయినందుకు రాయి మోసిన మనిషిని, ఆ రాయి పెట్టించిన దొర బురుజుకే కాపలా పెట్టారు.

అమ్మ నా చేతిలోంచి మంచినీళ్ళ సీసా తీసుకుంది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని మెల్లగా కూర్చుంది. కొంగు తడుపుకుని రాయి మీది పసుపు తుడవడం మొదలుపెట్టింది. పుండు కడిగినట్టు, అంచుల నుంచి మధ్యకు తుడిచింది. సర్పంచి మామ వైపు చూశాడు. మామ నేల చూశాడు. ఎవరూ ఆపలేదు. ఒకామె మాత్రం మెల్లగా, "రేపు మళ్ళ పూస్తరు చిన్నమ్మా" అంది, కోపంగా కాదు, జరిగేది చెప్పినట్టు.

"పూయనీ" అంది అమ్మ.

తెల్లచీర కొంగు పసుపుపచ్చగా అయింది. మామ ఇంటికి వెళ్ళి టీ తాగాం. అక్కాతమ్ముళ్ళు చింతపండు ధర గురించి, మోకాళ్ళకు పూసే నూనె గురించి మాట్లాడుకున్నారు. రాయి మాట ఇద్దరూ ఎత్తలేదు. సాయంత్రం బస్సు వేళకు వచ్చింది. కిటికీ పక్క సీటు అమ్మకిచ్చాను. బయట జొన్నచేలు, తాటిచెట్లు, గుండ్లు వెనక్కి పోతున్నాయి. రోడ్డు బాగా వేశారు, ఎక్కడా కుదుపు లేదు. పెద్దరోడ్డు ఎక్కకముందే అమ్మకు నిద్రపట్టింది.